నంబరు లేని ముద్రలు

కంకిపాడు,
12 జూన్ 2024

ప్రియమైన స్టీఫెన్ అన్నయ్యకు,

చెల్లెలు రూతు నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా?

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావు కదూ. ఫోన్లో అయితే నువ్వు "చూద్దాంలే అమ్మాయ్" అంటావు, నేను "సరే అన్నయ్యా" అంటాను. అక్కడికి అయిపోతుంది. ఇన్నేళ్లుగా మన మధ్య జరుగుతున్నది అదే. పైగా మా లాయరు సుబ్బరత్నం గారు ఏ సంగతైనా కాగితం మీద ఉంటేనే కోర్టు చూస్తుందని మరీ మరీ చెప్పారు. అందుకని కాగితం మీదే అడుగుతున్నాను, నువ్వూ కాగితం మీదే చెప్పు.

నీకు తెలిసిందే అయినా ఆవిడ నా చేత చెప్పించిన వరుసలోనే రాస్తాను. 2011లో మన జిల్లాలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు ఆరు. మెరిట్ జాబితాలో నాది ఆరో పేరు. ఏడోది పెడన సత్యం గారిది, ఎనిమిదోది వదిన వాళ్ల చెల్లెలు క్రిస్టినాది. ఆర్డర్లు వచ్చేసరికి ఆరో ఆర్డరు క్రిస్టినా పేరు మీద వచ్చింది. ఎందుకని ఎవరూ చెప్పలేదు. సత్యం గారు మరుసటేడే కోర్టుకెళ్లి, 2015లో తీర్పు తెచ్చుకుని ఉద్యోగంలో చేరారు. నేను వెళ్లలేదు. నువ్వు వద్దన్నావు. ఏడాదికో అర్జీ పెట్టు, ఖాళీ రాగానే నేను చూసుకుంటానన్నావు. ఆ పోస్టులిచ్చిన మీ ఆఫీసుకి వచ్చే కాగితాలన్నీ నీ సీటు మీదుగానే లోపలికి పోవాలి కాబట్టి ప్రతి అర్జీ నీ చేతికే ఇచ్చాను. నువ్వు నా కాపీ మీద ఆఫీసు ముద్ర వేసి ఇచ్చావు. పన్నెండు అర్జీలు, పన్నెండు ముద్రలు. బీరువాలో పెళ్లి చీర కింద దాచుకున్నాను.

ఇప్పుడు సత్యం గారి మాట మీద నేనూ కోర్టుకెక్కాను, కేసుకి కావలసింది రెండు. ఒకటి, ఆ అర్జీలు ఆఫీసు రిజిస్టరులో ఎక్కిన నంబర్లు. రెండు, నువ్వే నన్ను ఆగమన్నావని ఒక అఫిడవిట్. ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చావన్నదే జడ్జిగారి మొదటి ప్రశ్న అవుతుందట. దానికి జవాబు లేకపోతే, ఆ ఉద్యోగం నాకు రావలసిందా కాదా అన్న సంగతి దాకా పోనే పోరట.

నాకు నలభై మూడు నిండాయి. ఇది పోతే ఇంకే సర్కారు పరీక్షా రాసే వయసు లేదు. ఈ ప్రైవేటు ల్యాబులో రోజుకి అరవై చేతులకి సూది గుచ్చుతూనే ముసలిదాన్నవుతాను. నీకు పెద్ద పనేం కాదు, రిజిస్టరు తీసి చూడటమే కదా. వెంటనే రాయి.

నీ చెల్లెలు,
రూతు


పటమట, విజయవాడ,
27 జూన్ 2024

చిరంజీవి సౌభాగ్యవతి రూతుకు, నిన్నూ నీ ఇంటివారినీ ప్రభువు చల్లగా కాచునుగాక అని కోరుతూ అన్నయ్య వ్రాయునది.

నీ ఉత్తరం చేరినది. నీ దస్తూరి చూడగానే గుంటూరు హాస్టలు నుండి నువ్వు వ్రాసిన ఉత్తరాలు జ్ఞాపకం వచ్చాయి. బాబాయి పోయిన ఏడు నిన్ను ల్యాబు కోర్సులో చేర్చి, ట్రంకు పెట్టె మోసుకొచ్చి దింపిన రోజు కూడా. నా కూతురైతే ఎట్లా చూసుకునేవాడినో అట్లాగే చూశాను. ఇది నేను గొప్పకు వ్రాయడం లేదు.

నంబర్ల విషయం అంత తేలిక కాదమ్మా. జిల్లాలు రెండైనప్పుడు పాత రిజిస్టర్లు కట్టలు కట్టి లారీల్లో పంపారు. ఏ కట్ట ఎక్కడున్నదో చెప్పగలవారు లేరు. నేను వెతికిస్తాను. అఫిడవిట్ అంటావా, సర్వీసులో ఉన్నవాడు డిపార్టుమెంటుకు ఎదురుగా సాక్ష్యమిస్తే ఏమవుతుందో నీకు తెలియనిది కాదు. నవంబరు 30న నా రిటైర్మెంటు.

ఇంకొక మాట, కోపగించుకోకు. సత్యం మంచివాడే కావచ్చు, కాని అతని మాట పట్టుకుని నువ్వు కోర్టుకెక్కడం మన సంఘంలో పెద్దలకు బాధగా ఉన్నది. పాస్టరు అబ్రహాము అయ్యగారి ముందు నువ్వు ఇచ్చిన మాట మరిచావా? క్రిస్టినా ఆడపిల్లల్నిద్దరినీ ఆ ఉద్యోగం మీదే పెంచుకున్నది.

తొందరపడకు. చూద్దాం.

ఆశీస్సులతో,
స్టీఫెన్


కంకిపాడు,
16 జూలై 2024

స్టీఫెన్ అన్నయ్యకు,

లారీలో పోయిన కట్టల్ని వెతికించనక్కర్లేదు. అవి దొరికాయి.

నా కేసులో ఆఫీసువాళ్లు కోర్టుకి జవాబు వేశారు. సుబ్బరత్నం గారు నన్ను పిలిచి చదివి వినిపించారు. "సదరు పిటిషనరు నుండి ఈ కార్యాలయమునకు ఎన్నడూ ఎటువంటి దరఖాస్తు అందియుండలేదు, 2011 నుండి నేటి వరకు గల రిజిస్టర్లన్నియు పరిశీలించడమైనది" అని ఉంది. అబద్ధమండీ అని నేను గట్టిగా అరిచాను. అరిచి, నా పన్నెండు కాపీలూ ఆవిడ బల్ల మీద పరిచాను. సత్యం గారు కూడా అక్కడే ఉన్నారు. ఆయన తన పాత అర్జీ కాపీ తీసి పక్కన పెట్టారు. ఆయన కాపీ మీద ముద్ర, ముద్రలో తేదీ, తేదీ కింద ఎర్ర ఇంకుతో నంబరు, గుమాస్తా పొడి సంతకం ఉన్నాయి. నా వాటి మీద ముద్ర ఉంది, తేదీ ఉంది. నంబరు వేసే చోటు ఖాళీ. పన్నెండింటి మీదా ఖాళీయే.

అన్నయ్యా, రోజూ అరవై ట్యూబుల మీద నంబర్లు వేసేదాన్ని నేను. నంబరు లేని శాంపిల్ వస్తే మొహమాటం లేకుండా పారబోస్తాను. అలాంటిదాన్ని పన్నెండేళ్లు ఆ ఖాళీ చూసుకోలేదంటే నన్ను ఏమనాలి? ముద్ర నువ్వు వేశావని చూశాను, అంతే. నీ చేతి మీదుగా వచ్చిన కాగితాన్ని తిప్పి చూడటం తప్పనిపించింది.

మాట ఇచ్చావు మరిచావా అని రాశావు. మరవలేదు. 2012 ఫిబ్రవరి, ఆదివారం. ఆరాధన అయ్యాక పెద్దలందరూ కూర్చున్నారు. తోటి విశ్వాసి మీద అన్యుల ఎదుట వ్యాజ్యానికి పోకూడదని అబ్రహాము అయ్యగారు వాక్యం చదివి వినిపించారు. క్రిస్టినా భర్త పోయి అప్పటికి మూడు నెలలు. పిల్లలిద్దర్నీ ఒళ్లో పెట్టుకుని ముందు చాప మీద కూర్చుంది. నేను మోకాళ్ల మీద ఉండి, కోర్టుకి వెళ్లను అని చెప్పి సంఘం పుస్తకంలో సంతకం చేశాను. నా చేత కేసు కాగితాల మీద సంతకం పెట్టించుకుందామని వచ్చిన సత్యం గారు గేటు బయట గంటన్నర నిలబడి, చివరికి బస్సెక్కి వెళ్లిపోయారు. ఆ తర్వాత ప్రేమవిందు పెట్టారు. నా విస్తట్లో క్రిస్టినా తన చేత్తో కూర వడ్డించింది. నేను తిన్నాను కూడా.

పన్నెండేళ్లు నేను మాట నిలబెట్టుకున్నాను. అదే సభలో "నా చెల్లెలి ఫైలు నా బాధ్యత" అన్న మనిషివి నువ్వు. ఆ మాట ఏమైంది?

ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. నా అర్జీలు రిజిస్టరులో ఎక్కించావా, లేదా? అవునో కాదో రాయి. హాస్టలు ట్రంకు పెట్టె సంగతి రాయకు.

రూతు


పటమట,
5 ఆగస్టు 2024

రూతుకు అన్నయ్య వ్రాయునది.

ఎక్కించలేదు.

మొదటి అర్జీ నిజంగానే లోపలికి తీసుకువెళ్లాను. అప్పటి మా ఆఫీసరు అది చూసి, "ఏమయ్యా, ఉద్యోగం వచ్చినామె నీ మరదలు, రాలేదని ఏడ్చే ఆమె నీ చెల్లెలు. రెండు వైపులా నువ్వేనా? ఈ కాగితం లోపలికొస్తే ముందు పోయేది నీ ఉద్యోగం" అని నా ముఖాన విసిరారు. ఆ తర్వాత నాకు ధైర్యం చాలలేదు.

నువ్వు ఏడాదికోసారి కంకిపాడు నుండి బస్సులో వచ్చి, చెమటలు తుడుచుకుంటూ ఆ కాగితం నా చేతిలో పెట్టేదానివి. ముద్ర వేసి ఇస్తే దాన్ని చూసుకుని ఎంత తృప్తిగా వెళ్లేదానివో. ఆ ముఖం చూసి కాదని చెప్పలేకపోయాను. నీకు విసుగొచ్చి మానేస్తావని ప్రతి ఏడూ అనుకున్నాను. నువ్వు మానలేదు.

ఇదంతా ఇప్పుడు కోర్టులో చెబితే రిటైర్మెంటుకు నాలుగు నెలల ముందు నన్ను సస్పెండ్ చేస్తారు. ముప్పై ఆరేళ్ల సర్వీసు. నవంబరు దాకా ఆగమ్మా. 30వ తేదీ దాటిన మరునాడు నువ్వు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. దేవుడు సాక్షి.

ఈ ఉత్తరం ఎవరికీ చూపించవని నమ్ముతున్నాను.

స్టీఫెన్


కంకిపాడు,
12 సెప్టెంబరు 2024

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇంకా ఎవరికీ చూపించలేదు. చూపించకుండా ఉండటం నాకు చాలా కష్టంగా ఉంది. నువ్వే వచ్చి చెబితే ఒక రకం, నేను నిన్ను కోర్టులో పట్టివ్వడం ఇంకో రకం. రెండోది నా చేత చేయించకు.

విచారణ ఈ నెల 24న. సుబ్బరత్నం గారు ఇప్పటికే ఒకసారి వాయిదా అడిగారు, ఇంక ఇవ్వరట. నవంబరు దాకా ఆగమన్నావు. పదమూడేళ్లు ఆగినదానికి ఇంకో రెండు నెలలేమిటి అనుకున్నావు కాబోలు. నేను ఆగగలను. కోర్టు ఆగదు.

ఇంకో సంగతి జరిగింది. సింగ్‌నగర్‌లో వరద నీళ్లు తీసినప్పటి నుంచి అక్కడి క్యాంపులో జ్వరాలకి రక్తపరీక్షలు చేస్తున్నాం. మా ల్యాబు నుంచి నేను, సర్కారు తరఫున క్రిస్టినా. ఒకే బల్ల దగ్గర రెండు రోజులు పనిచేశాం. ఆమె మెడలో ఫోటో ఉన్న కార్డు, నా జాకెట్టు మీద ఎవరో అంటించిన స్టిక్కరు. ఆమెకి సన్నటి నరం దొరక్కపోతే నన్నే పిలిచేది. పని బాగా చేస్తుంది, ఆ మాట చెప్పాలి. నిన్న మధ్యాహ్నం అన్నం తింటుంటే ఉన్నట్టుండి అడిగింది. "రూతు వదినా, అప్పుడు ఆఫీసోళ్లు పిలిచినా నువ్వే ఉద్యోగం వద్దన్నావంటగా? మరి ఇప్పుడు కేసేంటి?"

ఎప్పుడు పిలిచారే అన్నాను. "సత్యంగారికి తీర్పొచ్చిన ఏడు. నీకు ఉత్తరం వచ్చిందనీ, నువ్వు వద్దన్నావనీ బావే చెప్పాడు మాకు" అంది.

నాకు ఏ ఉత్తరమూ రాలేదు. ఆ ఉత్తరమేమిటి అన్నయ్యా? 24లోగా నువ్వు రావాలి. రాలేకపోతే ఈ ఒక్కదానికైనా జవాబు రాయాలి. చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

రూతు


కంకిపాడు,
10 నవంబరు 2024

అన్నయ్యకు,

నువ్వు రాలేదు, రాయలేదు, ఫోను ఎత్తలేదు. పటమట వచ్చి తలుపు కొట్టాను. వదిన కిటికీలోంచి "మీ అన్నయ్య ఊళ్లో లేరు" అంది. నీ చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి.

నీ ఆగస్టు ఉత్తరం విచారణ రోజున సంచిలో పెట్టుకునే వెళ్లాను. తీయలేదు. సుబ్బరత్నం గారు "ఇంకేమైనా ఉందా అమ్మా?" అని అడిగితే లేదన్నాను. చివరి నిమిషంలో నువ్వు తలుపు తోసుకుని వస్తావని చూస్తూ కూర్చున్నాను. నాకన్నా పిచ్చిది ఉంటుందా?

మొన్న శుక్రవారం తీర్పు చెప్పారు. కొట్టేశారు. ఉద్యోగం నాకు రావలసింది కాదని జడ్జిగారు అనలేదు. అది చూడను, అన్నారు. పన్నెండేళ్లు ఊరుకున్నవాళ్ల కోసం పాత జాబితా తిరిగి తెరవలేమన్నారు. అర్జీలు పెట్టుకుంటూ పోయినంత మాత్రాన గడువు ఆగదనీ, ఆ అర్జీలు పెట్టినట్టు కూడా రుజువు లేదనీ అన్నారు. సత్యం గారికి ఇచ్చారు కదా అంటే, ఆయన వేళకి వచ్చాడు, ఈమె గట్టున కూర్చుని చూసి అతను గెలిచాక వచ్చింది అన్నారు. జడ్జిగారి తప్పేం లేదు. నేను ఆలస్యం చేసిన మాట నిజమే. ఎందుకు చేశానో చెప్పవలసిన మనిషి రాలేదు, అంతే.

బయటికొచ్చాక సత్యం గారు నా మొహం చూడలేక తల వంచుకున్నారు. "అమ్మా, నేను చేస్తున్నది మీ ఉద్యోగమే" అన్నారు. ఏ పాపమూ చేయని మనిషికి అంత సిగ్గు. చేసిన నీకు లేకపోయింది.

అప్పీలుకు ముప్పై రోజుల గడువు ఉంది. కొత్త ఆధారమేదైనా ఉంటే తప్ప వెళ్లి లాభం లేదని లాయరుగారు చెప్పారు. నాకు తెలిసి అది ఒక్క నీ దగ్గరే ఉంది. ఇదే నేను నిన్ను ఆఖరుసారి అడగడం.

రూతు


పటమట,
1 డిసెంబరు 2024

నా చెల్లి రూతుకు,

నిన్న రిటైరయ్యాను. శాలువా కప్పారు, దండ వేశారు, నిజాయితీపరుడని నలుగురు మాట్లాడారు. ఈ ఉదయం గుడిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరకు అందరూ వెళ్లారు. నేను లేవలేకపోయాను. మీ వదిన శాలిని చేయి పట్టి లాగినా లేవలేదు. ఇంటికొచ్చి ఇది వ్రాస్తున్నాను.

నువ్వు అడిగిన ఉత్తరం ఉన్నది. ఆర్.సి. నం. 1127/ఈ2/2015, తేదీ 14-8-2015 నాటి మెమో. సత్యానికి తీర్పు వచ్చాక, అతని కంటే నీకు మెరిట్ ఎక్కువ కనుక ముందు నిన్ను పిలవాలని కొత్తగా వచ్చిన ఆఫీసరు వ్రాయించారు. పదిహేను రోజుల్లో సర్టిఫికెట్లతో హాజరు కమ్మని. రిజిస్టరు పోస్టులో పంపబోతుంటే, మా చెల్లెలేనండీ, చేతికే ఇస్తానని నేను తీసుకున్నాను. ఆ సాయంత్రం జేబులో పెట్టుకుని కంకిపాడు వచ్చాను కూడా. నువ్వు మజ్జిగ ఇచ్చావు. తాగి వచ్చేశాను. పదిహేను రోజులు గడిచాక ఫైలు మీద "అభ్యర్థిని స్పందించలేదు" అని నా చేత్తోనే వ్రాశాను. ఆ పోస్టు సత్యానికి వెళ్లింది. మన ఇళ్లలో నువ్వే వద్దన్నావని చెప్పాను.

ఎందుకంటే నువ్వు వస్తే ఆ జాబితా మొత్తం మళ్లీ చూస్తారు. క్రిస్టినాకు లేని అనుభవానికి మార్కులు కలిపినది నేనే. ఆమెకు తెలియదు. శాలిని రోజూ ఏడిచేది, నేను కలిపాను. అబ్రహాము అయ్యగారికి ఆ వాక్యం చూపించి నీ ముందు చదవమన్నదీ నేనే. ఆయనకూ ఏమీ తెలియదు.

ఇప్పుడు నీకంతా చెప్పాను. గుండె కొంచెం తేలికైనది. ఈ ఉత్తరం చదవగానే పొయ్యిలో వెయ్యి. నా పెన్షన్ కాగితాలు ఇంకా సంతకం కాలేదు, మార్చి కల్లా అవుతాయి. కాగానే నేనే స్వయంగా అఫిడవిట్ ఇస్తాను, ఈసారి తప్పను. అప్పటిదాకా ఓపిక పట్టు. పండుగ లోపల నన్ను క్షమించానని ఒక్క ముక్క వ్రాయి తల్లీ, బల్ల దగ్గరకు వెళ్లగలుగుతాను.

నీ అన్నయ్య,
స్టీఫెన్


కంకిపాడు,
4 డిసెంబరు 2024

స్టీఫెన్ గారికి,

మీ ఉత్తరం ఈ రోజు పదకొండు గంటలకు అందింది. ల్యాబులో సూది చేతిలో పట్టుకుని ఉన్నాను. ఆ శాంపిల్ తీసి, నంబరు వేసి, చేతులు కడుక్కుని చదివాను. రెండుసార్లు చదివాను. మజ్జిగ దగ్గర ఏడుపొచ్చింది. ఆ రోజు నాకు గుర్తుంది. ఇంకో గ్లాసు పొయ్యనా అని అడిగితే మీరు చాలన్నారు.

ఒంటిగంటన్నరకి సుబ్బరత్నం గారి ముందు ఉన్నాను. మీ ఉత్తరాలు రెండూ ఆవిడ చేతిలో పెట్టాను. ఆగస్టుదీ, ఇదీ. అప్పుడే ఎందుకు చూపించలేదని ఆవిడ నన్ను కేకలేశారు. అన్నయ్య కదండీ అన్నాను. ఇంక ఆ మాట అనను. మెమో నంబరూ తేదీ మీరే రాశారు కాబట్టి ఆ ఫైలు కోర్టుకి తెమ్మని అడుగుతారట. గెలుస్తామని ఆవిడ చెప్పలేదు. ఆలస్యం ఎవరిదో మాత్రం ఈసారి తెలుస్తుందన్నారు. క్రిస్టినా ఉద్యోగం తీసెయ్యమని నేను అడగడం లేదు, ఆ మాట కాగితాల్లో రాయించాను. మీ గురించి మాత్రం ఏమీ రాయించలేదు. మీ దస్తూరే ఉంది.

మార్చిలో ఇస్తానన్న అఫిడవిట్ అక్కర్లేదు. మీ ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు. జిరాక్సు కాపీ దీనితో జతచేస్తున్నాను, చూసుకోండి.

క్షమించమని అడిగారు. అప్పీలుకు సోమవారం ఆఖరు. మిమ్మల్ని క్షమించడానికి ఏ కోర్టూ గడువు పెట్టలేదు. ముందు గడువున్న పని చూసుకుంటున్నాను.

ఇట్లు,
రూతు